నీలం రేకులు

బరంపురంలో పాత సినిమా హాలు కూల్చిన చోట
నీలం రేకులు కట్టి ఎనిమిది నెలలు.
రేకుకో చిల్లు, చిల్లుకో కన్ను.

ఆరంతస్తుల మాల్ అంటాడు పాన్‌డబ్బా దండాసి.
కాదు, గుండె ఆసుపత్రి అంటారు నీలాచలం మాస్టారు,
ఆయనకి గుండె నొప్పి.
పట్టుచీరల షోరూమేమో అన్నాడు
మగ్గం అమ్మేసిన కూర్మయ్య,
అని, తనే నవ్వాడు.

మొన్నొక బండి వచ్చి నేలకి బెజ్జం వేసింది.
నలభై అడుగుల లోతు మట్టిని
సీసాల్లో పట్టుకుపోయారు, రక్తం తీసినట్టు.
రిజల్టు ఎవరికీ చెప్పలేదు.

"ఏదొచ్చినా తలుపులకి చెవులుండవు, కార్డులే"
దండాసి నా వైపు చూడకుండా అన్నాడు.
నాది తాళంచెవుల బడ్డీ.
ఒకటో తారీకు నుంచి దీనికి అద్దె రెండింతలు.
"ఎదురుగా ఏం లేస్తోందో చూస్తున్నావుగా" అన్నాడు ఓనరు.
చూస్తున్నాను. రేకులు.

కాపలావాడిది బలంగీరు.
ఒడియాలో అడిగితే
"మోతె కిఛి జణా నాహి" అన్నాడు,
వానలదాకా ఉండమన్నారట, అంతే.
బెజ్జం పక్కన వంకమొక్కలు వేసుకున్నాడు.
సాయంత్రం రేకు కింద నుంచి
నాలుగు కాయలు ఇవతలికి తోశాడు.
లేతవి.
ఇంకా గింజ పట్టలేదు.