తోతాపురి పచ్చ

మురకంబట్టు షెడ్డులో
అరవై నాలుగు మోడలు ఫియట్టు
చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చోనుండాది.
పైన తెలుపు.
తెలుపు కింద మెరూను, ఎవురి పెండ్లికో కొట్టించింది.
మెరూను కింద పుట్టీ, పుట్టీ కింద ఇంకో పుట్టీ,
దాని కింద తుప్పు, ఓపిగ్గా.

"అసలు రంగేందమ్మా?" అన్నాను.
"నల్లపచ్చ. ముదురు చింతాకు," అనింది వనజాక్షమ్మ.
బండి డాక్టరమ్మది.
ఈమె నర్సు. వెనక సీట్లో,
ఒడిలో మరగబెట్టిన కత్తెర్ల డబ్బాతో
గుడిపాల, యాదమరి, తవణంపల్లె,
ముప్పై ఏండ్లు కాన్పులకి తిరిగింది.

డ్యాష్‌బోర్డు ఇప్పి, గ్లవ్‌బాక్సు ఎనక
ఎండ తగలని చోట వేలు పెట్టి తుడిచినాను.
పచ్చే. కానీ నల్లది కాదు, లేతది.
తోతాపురి కాయ రంగు.

ఏ కాయ?
కొమ్మన ఉండేదా,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
మూడ్రోజులు లారీలో మగ్గిందా?
ఆ రెండు పచ్చల మధ్య
రేటెంత పడిపోతాదో రైతుకి తెలుసు.
నాకు తెలిసింది పసుపు రెండు చుక్కలు,
తెలుపు ఇంత, సూదిమొన మీద నలుపు.
ఏడు రేకులకి ఏడు రకాలుగా కొట్టి గోడకి ఆనించినాను.
ఎండలో ఒకటి గెలిచింది,
మబ్బు కమ్మితే ఇంకొకటి.

"ఇది కాదు దస్తగిరీ. నాకు గుర్తు లేదా?"
కోపమొచ్చింది. రేకు అబద్ధమాడదు గదా.
"పగలు ఎట్లుండేదమ్మా?" అన్నాను.
ఆమె చానాసేపు మాట్లాడలేదు.
"పగలా?
పగలు దాన్ని నేనెప్పుడు చూసినాను?
నన్ను లేపేది అర్ధరాత్రి గదా."

ఆ పొద్దు ఆమెని పోనీలేదు, టీ తెప్పించినాను.
చీకటి పడినాక ట్యూబులైటు ఆర్పి,
లాంతరు యాడ దొరుకుతాది ఇప్పుడు,
బోండాలు కట్టిన నూనె కాయితం
సెల్లు టార్చికి చుట్టి
నాలుగో రేకు మీద పట్టినాను.
ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకునింది.
"బండి దిగతానే ఇంటాయన లాంతరు ఎత్తి పట్టేవాడు.
ఇట్లే ఉండేది."

కార్తీకం వానలు పోయేదాకా గన్ను ముట్టలేదు.
చెమ్మ గాలికి లాకరు తెల్లగా పాలిపోతాది.
నేల తడిపి, ఫ్యాను ఆపి, పిల్లోణ్ణి బయటికి తరిమి
ఊపిరి బిగబట్టి కొట్టాల.
చెయ్యి నిలబడితే కారతాది,
తొందరపడితే గరుకు.
ఎనిమిది కోట్లు. నడాన నీళ్ల పేపరు,
వెయ్యి నంబరు, రెండువేలు.
రేషను మిషన్లో నా వేలిముద్ర పడి
ఎన్ని నెలలైందో.

రోడ్డున పొయ్యేవాళ్లు నిలబడి, లేతపచ్చ అంటా ఉండారు.
ఆమె బండి తీసుకుపొయ్యేదానికి
రాత్రి ఎనిమిదికి వస్తానంది.

గ్లవ్‌బాక్సు ఎనక మాత్రం గన్ను పెట్టలేదు.
అరచేయంత పాత పచ్చ, పగుళ్లతో,
అట్లే వదిలేసినాను.
ఇంకో యాభై ఏండ్లకి ఎవుడో
వేలు పెట్టి తుడుస్తాడు,
అడిగేదానికి మేమెవురం ఉండం.
మూత బిగించేటప్పుడు
ఒక స్క్రూ కొంచెం వదులుగా పెట్టినాను.