సాక్షి సంతకం

కాగితం నీలం ఫైల్లో అట్టడుగున ఉంది.
కాఫీ మరక పక్కన ఆమె అక్షరాలు,
వల అల్లినంత పట్టుగా, ముడి వెనక ముడి:

"నాకు మతి తప్పినప్పుడు
నా గొంతుగా దీన్ని వినండి.
ఆ సూది వద్దు. దవడ బిగుసుకుపోయి
రెండు రోజులు నా పేరు నేనే పలకలేకపోయాను.
వేరే మందు ఏదైనా సరే.
చీకట్లో విమానం ఎక్కించొద్దు.
తప్పదంటే కిటికీ పక్కన కూర్చోబెట్టండి.
మా అక్కకి కాదు, గిబ్బీకి కబురు చెయ్యండి.
కోళ్లకి వాడు మేత వేస్తాడు."

కింద ఆమె సంతకం, రోనా ఇస్బిస్టర్.
దాని కింద నాది.

ఆ రాత్రి లెర్విక్‌లో గాలి
కిటికీ అద్దాల్ని పళ్లతో కొరుకుతోంది.
రోనా ఒడ్డున నిలబడి, కాళ్లకి చెప్పుల్లేకుండా,
సముద్రం తనకి బాకీ ఉందని అరుస్తోందట.
రెండు గంటలకి పోలీసులు తీసుకొచ్చారు.
నేను ఫైలు తెరవలేదు.
అబద్ధం. తెరిచాను.
పైనున్న రెండు పేజీలు చూసి మూసేశాను.

సూది ఇచ్చాం. ఆ సూదే.
తెల్లారకముందే అబర్డీన్ విమానం.
ఆమెకి అటొకరు, ఇటొకరు. కిటికీ ఎవరిదో.

సోమవారం మీటింగులో
"చదువుకోడానికి బాగుంటాయి," అన్నాడు నర్సు టావిష్,
"అర్ధరాత్రి ఎవడు వెతుకుతాడు?"
"నీటి మీద రాతలివి," అన్నారు పెద్ద డాక్టరు మోవట్,
"రేపు అందరూ మందే వద్దని రాస్తే..."
టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడింది.
వాక్యం ఆపి చెంచాతో దాన్ని వెతికారు.
కొత్తగా చేరిన సోషల్ వర్కర్, ఇంగ్రిడ్, అడిగింది:
"ఆమె వద్దన్నది మందుని కాదు కదా,
ఆ ఒక్క మందుని. ఎవరైనా చదివారా?"

నిజం చెప్పాలంటే
నాకూ ఆ కాగితాలంటే చిరాకే.
పద్దెనిమిదేళ్ల అనుభవానికి
ఎవరో ముందే బిగించి వెళ్లిన గొళ్లెంలా ఉండేవి.
సంతకం అడిగితే పెట్టేవాణ్ణి,
పార్సిల్ తెచ్చినవాడికి పెట్టినట్టు.

అయితే ఏమిటి సాక్షి సంతకమంటే?
ఇది రాసిన రోజు ఈ మనిషి తెలివిలో ఉంది,
తనకేం కావాలో తనకి తెలుసు, అని
నేను ఇచ్చిన మాట.
మాట ఇచ్చిన చేత్తోనే సూది రాసిచ్చాను.

ఎందుకు కాదన్నామో రాసి ఆమెకి పంపాలి. చట్టం.
ఫారంలో నాలుగు గీతల జాగా.
"అత్యవసరం" అని రాశాను. కొట్టేశాను.
"ప్రాణాపాయం." అది ఆమెని లోపలికి తేవడానికి కారణం,
ఆ సూదికి కాదు.
టేబుల్ లైటు కింద గంట గడిచాక
ఒక్క మాట మిగిలింది:
"చదవలేదు."

మార్చిలో తనే వచ్చింది రోనా,
ఉన్ని టోపీ తియ్యకుండానే కూర్చుంది.
"కోళ్లు?" అని అడిగాను, ఇంకేం అడగాలో తెలీక.
"రెండు పోయాయి. గిబ్బీకి ఎవరూ చెప్పలేదు."

కొత్త కాగితం తెచ్చింది. అవే మాటలు,
చివర ఒక్కటి ఎక్కువ:
"దీన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి."

నేను పెన్ను తీశాను.
"సంతకం ఇంగ్రిడ్ పెట్టేసింది," అంది.
"మీ దగ్గర స్టేప్లర్ ఉందా?"