టచప్

జగదాంబ సెంటర్లో మెట్ల కింద స్టూడియో.
ఇరవై రెండేళ్లుగా మొహాలు కడుగుతున్నాను.
పుట్టుమచ్చలు ఏరేస్తాను,
నలుపుని ఒక మెట్టు దించుతాను,
ఎగుడుదిగుడు చెవుల్ని సమం చేస్తాను,
అడిగినా అడక్కపోయినా.

ఆదివారాలు తొట్లకొండ ఎక్కుతాను.
భిక్షువుల గదులకి ఇప్పుడు పైకప్పుల్లేవు,
మోకాలెత్తు ఇటుక గోడలు, ఒక మనిషికి సరిపడా చోటు.
అందులో కూర్చుని కళ్లు మూసుకుంటే
ముందొచ్చేది నా మొహమే.
వేలు దానంతటదే కదుల్తుంది
గడ్డం కింద కాలిన మచ్చ మీదికి,
మౌసు లేకుండానే.
ఊపిరి లెక్కపెడతాను. ఏడు దాకా వెళ్లి
మళ్లీ మచ్చ దగ్గరికే వస్తాను.

మొన్న మంగళవారం
జాలరిపేట నుంచి గరికిన పెంటమ్మ వచ్చింది,
పింఛను ఫొటోకి.
కనుబొమ్మని చీల్చిన గాటు మీద
నేను చెయ్యి వెయ్యబోతే
"అది ఉంచీ బాబూ,
రేపు పైకెల్తే మా ముసిలోడు
నన్ను పోల్చుకోవద్దేటి?" అంది.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి
ఉప్పుచేపల వాసన కుర్చీలో వదిలేసి వెళ్లింది.

ఈ ఆదివారం పొగమంచు.
భీమిలి రోడ్డు లేదు. సముద్రం లేదు, దాని మోత ఉంది.
మొహం వచ్చింది. వేలూ లేచింది.
ఆపలేదు, లేచినదాన్ని చూస్తూ ఉన్నాను.
ఇన్నాళ్లూ చెరుపుతున్న ఆ మచ్చ
ఎలా పడిందో నాకే తెలీదని
అప్పుడు తట్టింది.
చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

నన్ను పోల్చుకోడానికి ఎవరొస్తారో గాని
చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను.

ఎనిమిది.