ఖాళీ బండి

డెల్‌రాయ్ క్షవరశాల ముందు రోడ్డు తవ్విన ఏడు
కుర్చీ చేతుల మీద పీట వేసి
కూర్చోబెట్టాడు నన్ను.
"వచ్చే వేసవికి రైలొస్తుందట" అన్నాడు
దువ్వెన పళ్ళలోంచి వీధిని చూస్తూ.

వేసవులొచ్చాయి.
టొరంటో మంచు కింద పట్టాలు
తుప్పు పట్టడం నేర్చుకున్నాయి.
పక్కనున్న ప్యాటీల కొట్టు మూసేశారు.
మిస్ ఐవరీన్ మోకాళ్ళు
ఇంకా ఎక్కని మెట్లకే అరిగిపోయాయి.

ఇవాళ గడ్డం గీయించుకుంటున్నాను.
అద్దంలో, అక్షరాలు తిరగేసుకుని, బండి వచ్చింది.
దీపాలన్నీ వెలుగుతున్నాయి, మనిషన్నవాడు లేడు.
పరీక్షట.
మా స్టాపులో ఆగి, తలుపులు తెరిచి,
మర్యాదకు కాసేపుండి, మూసుకుని పోయింది.

డెల్‌రాయ్ కత్తి ఆగింది, నా గొంతు మీద.
నురుగు సగం ఆరేదాకా వీధిలోకే చూసి,
ఎవరో దిగి ఉంటారన్నట్టు
పక్క కుర్చీ దులిపాడు.