పావు తిప్పు

పర్లాకిమిడి కోర్టు వెనక నా డీటీపీ కొట్టు.
రెండు బల్లలు, ఒక ప్రింటరు,
పద్దెనిమిదేళ్ల నాటి మదర్‌బోర్డు.
దాని మీది ప్రాసెసరు
పెళ్లికార్డు తెరవమంటే
నేను మహేంద్రతనయ దాటి పాతపట్నం పోయి
టీ తాగి వచ్చేంత సేపు ఆలోచిస్తుంది.

"కొత్త బోర్డు కొనీరాదేటి?" అంటాడు ఎదురు కొట్టు పాత్రో.
కొత్త బోర్డంటే కొత్త ర్యామూ, కొత్త డబ్బా.
నా సొరుగులో ఉన్నది ఈ నెల అద్దె.

ఈ బోర్డుకి ఎక్కదని రాసున్న చిప్పునే
వెతికి మరీ తెచ్చింది సుబాసి గమాంగో.
గుమ్మా కొండల మీది సవర గుంట,
ఐటీఐ రెండో ఏడు, సాయంత్రాలు నా దగ్గర పని.
బరంపురం పాత సామాన్ల కొట్లో
ఏదో బ్యాంకు సర్వరు విప్పితే దొరికిందట.
నాలుగు వందల యాభై.
కందిపప్పు పొట్లంలా కాగితంలో చుట్టి
నా ముందు పెట్టింది.

కొలత అదే. మెరుపూ అదే.
పక్కనుండే నొక్కులు మాత్రం వేరే చోట.
సాకెట్టుకున్న రెండు ప్లాస్టిక్ పళ్లు
మా ఇంటి మనిషివి కాదు పొమ్మన్నట్టు అడ్డం.
నేను వద్దనేలోపే
గడ్డం బ్లేడు సగానికి విరిచి
ఒకటి కోసింది. రెండోది కోసింది.
కింద వందల సూదులు, వెంట్రుక కన్నా సన్నం.
ఒక్కటి వంగినా బోర్డు పాతసామాన్లకే.
గట్టిగా ఊపిరి వదిలింది నేనూ కాదు, ఆమే కాదు,
పాత్రో.
తలుపు దగ్గర నిలబడ్డాడని అప్పుడే తెలిసింది.

చిప్పు అడుగున గోరంత స్టిక్కరు.
రెండు చుక్కల్ని అటుదిటు చేస్తుందట, అంతే.
పావు తిప్పు తిప్పి దింపాలి.
లివరు కీచుమంది.
బియ్యపు గింజంత బూడిదరంగు పేస్టు.
స్విచ్చి.

ఫ్యాను తిరిగింది.
తెర నల్లగా ఉంది.
ఇంకాసేపూ నల్లగానే ఉంది.

"బోర్డు ఎప్పుడూ వినలేదు కాకా దీని పేరు.
పాతదాన్నే మళ్లీ కూచోబెట్టాలి.
దాని చేతే చెప్పించాలి."

తహసీలు ఆఫీసులో మహాంతి గుమస్తా
రిటైరైన వారానికి తిరిగొచ్చి
కొత్త కుర్రాడికి ఏ తాళం ఏ బీరువాదో
విసుక్కుంటూ చూపించడం గుర్తొచ్చింది.
ముసలి చిప్పు తుడిచి పెట్టాం.
పిలవగానే లేచింది, పాపం.

పెన్‌డ్రైవు నుంచి బయోస్ ఎక్కుతోంది.
ఇప్పుడు కరెంటు పోతే
పాతదీ రాదు, కొత్తదీ రాదు.
నలభై రెండు శాతం దగ్గర పోయింది.
నా యూపీఎస్‌కి రెండు నిమిషాల ప్రాణం,
కీ కీ మని ఏడుస్తోంది.
పాత్రో పంచె ఎగ్గట్టి
తన ఇన్వర్టరు వైరు రోడ్డుకి అడ్డంగా లాక్కొచ్చాడు.
ఒక ఆటోవాడు తిట్టాడు, ఒడియాలో.
పాత్రో తెలుగులో తిట్టాడు.
తొంభై. తొంభై ఎనిమిది.

మళ్లీ కొత్తది. మళ్లీ పావు తిప్పు.
ఈసారి తెర వెలిగి ఒక లైను రాసింది:
'తెలియని ప్రాసెసర్.'
రాసి, ఊరుకోకుండా,
నాలుగు సెకన్లలో పెళ్లికార్డు తెరిచింది.

నేను కణితి వెంకునాయుడిని.
ఓటరు కార్డులో బెంకు నాయుడిని.
ముప్పై ఏళ్లుగా ఆ బెంకు పేరునే
వేలికి సిరా పూయించుకుంటున్నాను.
దిద్దమని ఇచ్చిన అర్జీలు టైపు చేసింది కూడా నేనే.
ఈ చిప్పుని ఏమనను?

పాతది మొయ్యలేనన్న విండోస్
ఆ రాత్రే ఎక్కించాం.
మర్నాడు సుబాసి సవర లిపిలో ఏదో కొట్టింది.
ఇన్నాళ్లూ ఖాళీ గళ్లుగా వచ్చిన చోట
గుండ్రంగా, కొక్కేల్లా, అక్షరాలు.
నాకు ఒక్కటీ చదవరాదు.
వాళ్ల అవ్వ పేరేమో, దేవుడి పేరేమో అనుకుని
నెమ్మదిగా అడిగాను.

"జెరాక్సు రెండు రూపాయలు, కాకా.
రంగుది పది."

తలుపుకి అంటించాం,
ఒడియా కింద తెలుగు, తెలుగు కింద అది.
ముసలి చిప్పుని ఆ కందిపప్పు కాగితంలోనే చుట్టి
సొరుగులో పెట్టాను.
వైరు చుట్టుకుంటూ పాత్రో అడుగుతున్నాడు,
నా ఇన్వర్టరు రేటు
ఏ భాషలో రాస్తారని.