గోటి వెడల్పు రంగు

చిలీ తీరాన, ఆ కొండ మీద మంట ఆరిన పద్దెనిమిదో రోజు
డిజైన్ చదివే పదకొండుమందిమి
వ్యాన్ నిండా రంగు డబ్బాలతో ఎక్కాం.
బ్యానర్ మీద మా పనికో పేరు కూడా ఉంది:
"కొండకు మళ్ళీ రంగులు".
ఎవరు పెట్టారని ఇప్పుడడిగితే ఎవరూ చెప్పరు.
నేనే పెట్టాను.

అక్కడ రంగులు లేవని కాదు.
బూడిదలో ఎన్ని రకాలో అక్కడే తెలిసింది.
యూకలిప్టస్ బూడిద తెల్లన,
పరుపుల బూడిద ఒకలాంటి పసుపు,
పుస్తకాలది మాత్రం పేజీలు పేజీలుగానే నిలబడి
ముట్టుకోగానే రాలిపోతుంది.
సర్కారు ఇచ్చిన చెక్కగదులు వరసగా,
అచ్చం అగ్గిపెట్టెల్లా
అనబోయి నాలిక కరుచుకున్నాను.

ఎదెల్మీరా గారి గుమ్మం ముందు
రంగుల పట్టీ విప్పాను, రెండువందల నలభై గళ్ళు.
పప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు
ఒక్కో గడినీ వేలితో పక్కకు నెట్టింది.
"ఇందులో లేదు."
ఏది లేదు?
"మా ఇల్లు."

ఆయన చేపలకు వెళ్ళేవాడట.
పెళ్ళైన ఏడు పడవకు వేయగా మిగిలిన రంగే
ఇంటి రేకులకు కొట్టాడట.
తెల్లారగట్ల తిరిగొస్తూ నీళ్ళ మీంచి తలెత్తితే
అన్ని ఇళ్ళలో తన పొయ్యి ఎక్కడుందో తెలియాలి కదా.
పడవకు తర్వాత ఎన్ని రంగులు మార్చినా
గోడ జోలికి పోలేదు.
"అందం కోసమనుకున్నారా మీరు?" అని
నవ్విందో దగ్గిందో.
ఆ గొంతులో ఇంకా పొగ ఉంది.

నీలమా అంటే కాదు. పచ్చా అంటే కాదు.
రాయెన్ కలిపింది, నేను కలిపాను,
నలభై మూడు గిన్నెలు.
ఒకటి చూసి "ఆసుపత్రి" అంది.
ఇంకోటి చూసి ఏమీ అనలేదు, మూత పెట్టేసింది.

ఆ పడవ అమ్మేశామని,
రెండు రేవులవతల బెలార్మినో దగ్గరుందని
మూడోవారంలో, బంగాళదుంపలు ఒలుస్తూ,
మాటల సందున చెప్పింది.
ముందే చెప్పొచ్చుగా అంటే
"పడవ గురించి మీరు అడిగారా?"

బెలార్మినో మమ్మల్ని పన్నులవాళ్ళనుకున్నాడు.
సంగతి విన్నాక తన కత్తే ఇచ్చాడు.
పైన ఎరుపు, కింద తెలుపు, ఆ కింద మరో ఎరుపు,
పడవ కూడా ఉల్లిపాయే,
అలాగే కళ్ళు మండాయి.
అట్టడుగున, చెక్కను అంటుకుని
గోటి వెడల్పున దొరికింది.

దానికి సరిపోయేలా కలిపి తీసుకెళ్తే
ఎదెల్మీరా గారు వెలుగులోకి వంచి చూసింది.
"ఇదే" అంది. కాసేపాగి, "ఇది కాదు" అంది.
"మా గోడ నలభై ఏళ్ళు ఎండలో నిలబడింది."
వెలిసినట్టు కలపమంటారా అని రాయెన్ అడిగింది.
"వద్దు, కొత్తదే వెయ్యండి.
వెలిసే పని ఎండ చూసుకుంటుంది.
డెబ్బై ఆరేళ్ళు నాకు, దానికి కాదు."

ఒక్క గోడ. సముద్రం వైపుది.
కింది సగం ఆవిడ, పై సగం మేము.
చుక్కలు పడకుండా నేల మీద
బ్యానర్ తిరగేసి పరిచాం.

యూనివర్సిటీ ఫారంలో "ఫలితం" అని ఒక గడి ఉంది.
ఒక గోడ, ఒక రంగు, ఐదు వారాలు అని రాశాను.
అత్తెసరు మార్కులొచ్చాయి.

వెళ్ళిపోయే ముందురోజు తెల్లవారకముందే
ఆ గోడ కనిపిస్తుందేమోనని బెలార్మినో పడవెక్కాం.
మంచు. కొండే లేదు.
అతను వల విసురుతూ
"పొద్దెక్కితే పోతుందిలే" అన్నాడు.
మా బస్సు ఎనిమిదింటికి.

మేం గీకిన చోట
అతను మళ్ళీ ఎరుపు వేయలేదు.
డబ్బా అక్కడే ఉంది, మూత తీసి, కుంచె పక్కనే.
ఎందుకని అడగలేదు.