ఆరంగుళాల ఎత్తు

లూనెన్‌బర్గ్‌లో ఫిబ్రవరి.
రేవులో నీళ్లు
గడ్డకడదామా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.
పనిశాలలో పొయ్యి మండుతూనే ఉంది గాని
ఉలి పట్టుకున్న నా వేళ్లకి ఆ కబురు అందలేదు.

పావురం తోక అతుకు కోస్తున్నాను,
బేకరీ వాళ్ల పిండి సొరుగు కోసం.
రంపం దిగినప్పుడల్లా పలక వణుకుతుంది,
గీమని ఏడుస్తుంది.
గీత దాకా వచ్చేసరికి పళ్లు పక్కకి జారి
వెంట్రుకవాసి అనుకున్న సందులో
గోరు దూరుతుంది.

ఆడలేక మద్దెల ఓడంటారే,
అలాంటి మాట ఈనస్ కార్కమ్ దగ్గరా ఒకటుంది.
నోట్లో పైపు తియ్యకుండానే అంటాడు.
నేను వంగి మద్దెల కిందికి చూశాను.
మద్దెల నిజంగానే ఓడు.

బల్లకి బిగించిన ఇనప వైసు
ఒక్క మర మీద బతుకుతోంది.
పలకని ఎడమ అంచున పెడితే
కుడివైపు దవడ తనే మూసుకుపోతుంది,
పుచ్చుపన్ను ఉన్నవాడు
ఒక బుగ్గనే నమిలినట్టు.

"ఖాళీగా ఉన్నవైపు అదే మందం ముక్క ఇరికించు."
యాభై ఏళ్లుగా ఈనస్ ఇరికించిన ముక్కలు
ఒక బకెట్ నిండా ఉన్నాయి.
ఒక్కోదాని మీదా పెన్సిల్‌తో మందం.
సరైన ముక్క దొరికేలోపు
టీ చల్లారుతుంది.

మా అమ్మమ్మ అల్మైనా
క్యాబేజీ తురిమి, ఉప్పేసి, పీపాలో తొక్కి
పైన పలక పెట్టి బిగించేది.
ఆ ప్రెస్సు అటక మీదే ఉంది.
దానికి చెక్క మరలు రెండు,
నా మణికట్టంత లావు.
"ఇప్పుడెవరు ఊరబెడుతున్నారు, పట్టుకుపో" అంది అమ్మ.

మేపుల్ పలకలు రెండు, రెండేసి అడుగులు.
వెనకది కదలదు.
ముందుదాని బెజ్జాలు కొంచెం సాగదీశాను,
అడ్డదిడ్డం పలకొస్తే
దవడ తల వంచి ఒప్పుకునేలా.
లోపల తోలు, పాత సముద్రపు బూటుది.
నున్నటివైపు బయటికి అంటిస్తే
పలక సబ్బులా జారింది.
ఒక రాత్రి వృథా. పీకి, తిరగేసి అంటించాను.

అప్పుడు తట్టింది ఎత్తు సంగతి.
ఈ బల్ల చిత్రిక పట్టేవాడి ఎత్తు,
ఒళ్లు బరువంతా ముందుకి తోసేవాడిది.
రంపానికి కావలసింది మోచేతి ఎత్తు.
కింద పెట్టె కట్టి
ఆరంగుళాలు లేపాను.

ఈనస్ వచ్చి
రెండు మరలూ చేత్తో తిప్పి చూశాడు.
బాగుందనలేదు.
బాగుందనడం ఆయనకి రాదు.
పలక పెట్టాడు, బిగించాడు, రంపం ఆనించాడు.
గీ లేదు.
చీపురుతో ఎవరో నెమ్మదిగా
అరుగు ఊడుస్తున్న చప్పుడు, అంతే.
మూడు కోతలు, గీతని చీల్చకుండా, గీతని వదలకుండా.

నాలుగోది సగంలో ఆగిపోయాడు.
తప్పు జరిగిందేమో అనుకున్నాను.
ఆయన పలకని చూడటం లేదు.
నడుము నిటారుగా ఉంది.
ఎదురుగా కిటికీ,
కిటికీలో రేవు,
రేవు పక్కన చేపల గోదాము.

"దానికి ఎరుపు ఎప్పుడు వేశారు?"

"నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు."

"ఊఁ" అన్నాడు.
యాభై ఏళ్లు ఆ కిటికీ ముందే కోశాడు మనిషి,
గడ్డం గుండెకి ఆనించి,
పొట్టు రాలడం చూస్తూ.
తెల్ల పడవ ఒకటి తాడు విప్పుకుని
మెల్లగా గట్టు విడిచింది.
అది కనుమరుగయ్యాక
మిగతా సగం కోశాడు.

బకెట్ మాత్రం పారెయ్యనివ్వలేదు.
సొరుగు మూస్తే లోపలి గాలి
నిట్టూర్చి బయటికొస్తోంది.
ఎడమ మర ఇంకా కిర్రుమంటుంది, మైనం పూయాలి.
వాన పట్టిన రోజున
మరలు రెండూ పుల్లటి వాసన వేస్తాయి.
పదకొండు కాకుండానే
ఇద్దరికీ ఆకలేస్తుంది.